ఎడమ గొట్టం

నా భార్య చనిపోయిన రోజున మా ఇంట్లో కవల మగపిల్లలు పుట్టారని ఊరంతా అనుకుంది. అది నా తమ్ముడు పెమ్మయ్య చేసిన పని.

ఇందులో వాదించడానికి ఏమీ లేదు. మా కొడగులో మగబిడ్డ పుడితే వాకిట్లో తుపాకీ ఒకసారి పేలుస్తారు. మనిషి పోతే వెంటవెంటనే రెండుసార్లు. రెండు దెబ్బలు వినగానే నాగలి పట్టినవాడు నాగలి వదిలి, అన్నం ముందు కూర్చున్నవాడు చెయ్యి కడుక్కుని బయలుదేరతాడు. ఎవరినీ పిలవక్కర్లేదు.

ఆ రోజు జులై వాన. నాలుగు రోజులుగా కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్డు మీద మోకాటిలోతు నీళ్ళు. పొద్దున ఏడు గంటలకి బోజమ్మ పొయ్యి దగ్గర కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయింది. నేను వాగు ఒడ్డుకి పరుగెత్తి అవతల పెద్దింట్లో ఉన్న తమ్ముణ్ణి కేకేశాను. ఇంటి తుపాకీ అక్కడే ఉంటుంది. జోడు గొట్టాలది, మా తాతనాటిది.

కుడి గొట్టం పేలింది. ఎడమది పేలలేదు. కుడిదాంట్లోనే మరో తూటా పెడదామంటే తుపాకీ తెరుచుకోలేదు. తుప్పు పట్టి బిగుసుకుపోయింది. పెమ్మయ్య రోకలితో బాది తెరిచేసరికి అరగంట అయింది. అప్పుడు రెండోది పేల్చాడు.

తమ్ముడి కూతురు దేచమ్మ నిండు నెలలతో పుట్టింట్లో ఉందని ఊరందరికీ తెలుసు. ఒక దెబ్బ విని మగపిల్లాడన్నారు. అరగంటకి ఇంకోటి విని కవలలన్నారు. పక్క తోట మాచయ్య తేనె సీసా పట్టుకుని పెద్దింటికి పోతూ దారిలో నా వాకిట్లో ఆగాడు. "ఒకేసారి ఇద్దరికి తాతవయ్యావు కదయ్యా" అన్నాడు. నేను లోపలికి చెయ్యి చూపించాను. ఆ సీసా ఇప్పటికీ నా గూట్లోనే ఉంది. అతను మర్చిపోయి వెళ్ళాడు, నేను తెరవలేదు.

కొండ అవతల బోజమ్మ అన్న కూడా విన్నాడు. సంతోషంగా ఒక గ్లాసు పోసుకున్నాడట. నిజం తెలిసి బయలుదేరేసరికి నది పొంగింది. చెల్లెలి ముఖం ఆయన చూడలేదు.

సాయంత్రం అందరి ముందూ పెమ్మయ్య ఒప్పుకున్నాడు. తుపాకీ నూనె అయిపోతే వంటింటి జాడీలోని పంది కొవ్వు రాశానన్నాడు. అది ఉప్పు, పంది కూరలో వేసే కాచంపుళి పులుసు కలిసిన కొవ్వని చూసుకోలేదన్నాడు. నేను పదిహేడేళ్ళు సైన్యంలో తుపాకులు బాగుచేసినవాణ్ణి. ఉప్పు, పులుపు కలిపి ఇనుముకి రాస్తే ఏమవుతుందో ఏడో తరగతి చదివినవాడికి కూడా తెలుస్తుంది. పెమ్మయ్య పదో తరగతి చదివాడు.

కర్మ అయిన మర్నాడు, పెద్దింటికి దాటడానికి వాగు మీద వేసిన చెక్క పలక పీకేశాను. ఏడాదిపాటు అవతలి ఒడ్డుకి పోలేదు.

*

మళ్ళీ జూన్ వచ్చింది. మొదటి వానకి మూడో రోజున మాచయ్య జీపు నా వాకిట్లో ఆగింది. ముందు సీటులోంచి మా అమ్మ దిగింది. ఎనభై తొమ్మిదేళ్ళ మనిషి. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో చాపలో చుట్టిన పొడుగాటి మూట. మాచయ్య అందుకోబోతే కర్రతో అతని చెయ్యి తోసేసింది.

మూట నా బల్ల మీద పెట్టి విప్పింది. లోపల ఇంటి తుపాకీ. అది తుపాకీలా లేదు. గొట్టాల పొడుగునా ఎర్రటి పొక్కు. పాత నీలిరంగు అక్కడక్కడా చింకిపాతలా మిగిలింది.

"బాగుచెయ్యి" అంది అమ్మ.

ఎందుకని అడిగాను.

"పెద్ద కోడలు పోతే కవలలు పుట్టారన్నారు. నేను పోతే ముగ్గురు పుట్టారంటారు. ఈ వయసులో నాకెందుకురా ఆ పేరు?"

మాచయ్య నవ్వాపుకుంటూ బయటికి పోయాడు. అమ్మ బెంచీ మీద కూర్చుని మిగతాది చెప్పింది. సెప్టెంబరులో కైల్‌పొళ్దు వస్తుంది. నాట్లు అయ్యాక ఇంటి ఆయుధాలన్నీ తోమి, నడిసావడిలో వేలాడే దీపం ముందు పెట్టి, ఇంటి పెద్ద తన చేత్తో వాటిని తన తర్వాతివాళ్ళకిచ్చే పండుగ. ఇంటి పెద్దని నేను. కిందటేడు నేను పోలేదు. దీపం వెలిగింది, తుపాకీ గోడకే ఉంది, ఎవరూ ముట్టలేదు. ఈ ఏడూ నేను రాకపోతే పెమ్మయ్య పెద్దింటికి తాళం వేసి మైసూరులో కూతురి దగ్గరికి పోతానన్నాడట. అన్న చేతినుంచి తుపాకీ రాని ఇంట్లో తానెందుకుండాలన్నాడట. అమ్మని కూడా తీసుకుపోతాడు.

"మైసూరు ఆస్పత్రిలో చస్తే నాకు ఎవడు పేలుస్తాడు? అక్కడ గట్టిగా దగ్గితేనే నర్సు తిడుతుంది."

తుపాకీ బాగుచేస్తానన్నాను. వాడి చేతికివ్వనన్నాను.

"చెయ్యడం నీ పని. ఇవ్వడం సంగతి అప్పుడు చూద్దాం" అని లేచింది. జీపెక్కబోతూ వెనక్కి తిరిగింది. "ఇల్లు ఊడ్చి ఎన్నాళ్ళయింది? బోజి ఉంటే నిన్ను కూడా కలిపి ఊడ్చేసేది."

పెద్దిల్లు మూసేస్తే ఆ దీపం వెలిగించేవాడు ఉండడు. ఎన్ని తరాలుగా వెలుగుతోందో లెక్క తెలిసినవాళ్ళు లేరు. ఆ మాట అమ్మ అనలేదు. నాకు తెలియదా?

*

మాచయ్య సలహా ఇచ్చాడు. పట్నంలో ఒక దుకాణం ఉందట, మరిగే ఉప్పు ద్రావకంలో ముంచి ఒక్క పూటలో నల్లగా చేసి ఇస్తారట. ముంచితే రెండు గొట్టాల్నీ కలిపి ఉంచిన తగరం అతుకుని అది తినేస్తుంది, తర్వాత ఒక గొట్టం నువ్వు పట్టుకో, ఇంకోటి నేను పట్టుకుంటానని చెప్పాను. ఇంక సలహా ఇవ్వలేదు. రోజూ వచ్చి నా కాఫీ తాగి కూర్చునేవాడు మాత్రం.

ముందు గొట్టాల జతని చెక్క పిడి నుంచి ఊడదీసి, తీగతో వేలాడదీసి వేలి ఎముకతో కొట్టాను. అతుకు వదిలితే చిల్లుకుండలా బురబురమంటుంది. అది గంటలా మోగింది. చాలాసేపు మోగింది. లోపలి గోడలు గట్టిగానే ఉన్నాయి. తుప్పు తిన్నది బయటి చర్మమే.

ఎడమ పక్క ఇనుప బిళ్ళ మాత్రం ఊడలేదు. దాని వెనకే ఎడమ గొట్టాన్ని పేల్చే స్ప్రింగు, సుత్తి ఉంటాయి. దాన్ని పట్టి ఉంచే మరమేకు బిగుసుకుపోయింది. తుప్పు పట్టిన మరని బలవంతం చేస్తే తల తెగుతుంది. రోజూ పొద్దున ఒక చుక్క నూనె వేసి, చిన్న దెబ్బ కొట్టి, వదిలేసేవాణ్ణి. ఇనుము దగ్గర నాకు ఓపిక ఉంది. మనుషుల దగ్గర లేదు.

గొట్టాల్ని ఆకురాయితో నిలువునా గీశాను. తర్వాత ఎమరీ గుడ్డ, ఇంకా సన్నది, ఇంకా సన్నది. పదకొండు రోజులు. కుడి గొట్టం వెండిలా వచ్చింది. ఎడమదాని మీద ఏడు గుంటలు మిగిలాయి. మిరియం గింజంతవి మూడు, ఆవగింజంతవి నాలుగు. అవి పోయేదాకా అరగదీయాలని నా చెయ్యి దురద పెట్టేది. ముందు రంగు ఎలా పడుతుందో చూద్దామని ఆగాను.

ఈ రంగు పూత కాదు. ఇనుముకి మనమే తుప్పు పట్టించి, ఆ తుప్పుని ఉడకబెట్టి నల్లగా మార్చడం. గొట్టాల రెండు కొసలకీ చెక్క బిరడాలు కొట్టాలి. బూడిద నీళ్ళలో మరిగించి జిడ్డంతా వదిలించాలి. ఆ తర్వాత ఉత్త చేత్తో ముట్టకూడదు. నవాసాగరం కలిపిన నీళ్ళు గుడ్డతో పల్చగా తుడిచి తేమలో వేలాడదీయాలి. సైన్యంలో ఉన్నప్పుడు ఎండ ఊళ్ళలో దీనికోసం గదిలో తడి గోనెలు కట్టేవాళ్ళం. మా ఊళ్ళో వానాకాలం అక్కర్లేదు. బీరువాలో చెప్పులకే బూజు పడుతుంది. పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి గొట్టాల నిండా సన్నటి ఎర్రపొడి లేచేది, పసుపు కుంకుమ కలిపి చల్లినట్టు.

ఉడకబెట్టడానికి అంత పొడుగు పాత్ర లేదు. మా చూరు కింది రేకు దోనె రెండు మూరల పొడుగున కోసి, రెండు కొసలూ మడిచి, స్నానాల గది పొయ్యి మీద పెట్టాను. వాననీళ్ళే పోయాలి. బావినీళ్ళు మచ్చ పెడతాయి. నీళ్ళు మరిగే కొద్దీ ఎరుపు ఊదాగా, ఊదా నలుపుగా తిరిగేది. బయటికి తీసి సన్నటి ఇనుప పీచుతో రుద్దితే పైపొడి రాలిపోయి కింద బూడిదరంగు నీడ మిగిలేది. మళ్ళీ తుడవడం, మళ్ళీ తుప్పు, మళ్ళీ ఉడకబెట్టడం. ఒక్కో విడతకి నీడ కొంచెం చిక్కబడుతుంది.

దోనె కోసిన చోట వాననీళ్ళు నేరుగా గుమ్మంలో పడుతున్నాయని మాచయ్య మూడుసార్లు చెప్పాడు. నాకు కళ్ళున్నాయని నేను ఒకసారి చెప్పాను.

*

ఆగస్టు మొదట్లో, కక్కడ మాసం పద్దెనిమిదో రోజున, మైసూరు నుంచి పుట్టింటికొచ్చి ఉన్న దేచమ్మ నా దగ్గరికి వచ్చింది. ఆ రోజు మద్దు ఆకు ఉడికించిన ఊదారంగు పాయసం ప్రతి ఇంట్లో తాగాలి. అందులో ఆ రోజు పద్దెనిమిది మందులుంటాయంటారు. పలక లేదు కాబట్టి రోడ్డు చుట్టూ తిరిగి, చంకలో ఏడాది పిల్లతో, చేతిలో గిన్నెతో, గొడుగు మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుని వచ్చింది. ఆ పిల్ల బోజమ్మ పోయిన పన్నెండో రోజున పుట్టింది. ఆడపిల్ల కాబట్టి తుపాకీ పేలలేదు. మగపిల్లాడైనా, పనిచేసే తుపాకీ ఉంటే కదా పేలడానికి.

"పలక వేస్తే నీ సొమ్మేం పోతుంది పెదనాన్నా" అని గిన్నె పెట్టింది. "నానమ్మ ఇది మొత్తం తాగమంది. తాగావా లేదా రేపు పొద్దున ఎర్రగా పోస్తే తెలుస్తుందంది."

నేను పాయసం తాగుతూ ఉండగా పిల్ల పాకుకుంటూ పోయి, ఐదో విడత కోసం అప్పుడే బూడిద నీళ్ళలోంచి తీసి గోనె మీద పెట్టిన గొట్టాల మీద అరచెయ్యి వేసింది. దేచమ్మ గబుక్కున లాగింది. తడి ఇనుము మీద ఏమీ కనిపించలేదు. మధ్యాహ్నానికి కనిపించింది. గొట్టమంతా ఎర్రబారినా, చిన్న అరచెయ్యి, నాలుగు వేళ్ళు, అంత మేర ఎర్రబడకుండా మిగిలిపోయింది. జిడ్డున్న చోట తుప్పు పట్టదు.

దేచమ్మ దాన్ని చూసి అలాగే ఉంచమంది. బాగుందంది. పిల్ల పెద్దయ్యాక చూపిద్దామంది.

నేను ఇనుప పీచు తీసుకుని మొత్తం గీకేశాను. నాలుగు విడతల పని పోయింది. తుపాకీ మీద మచ్చ ఎవరిదైనా మచ్చే.

"నువ్వు మారవు" అంది దేచమ్మ. కోపంగా ఏమీ అనలేదు. వెళ్ళబోతూ తండ్రి పెట్టెలు కడుతున్నాడని చెప్పింది. పాత్రలు గోనెల్లో వేసి పెట్టాడట. కైల్‌పొళ్దు మర్నాటికి లారీ మాట్లాడాడట. నేను గిన్నె కడిగి ఇచ్చాను.

*

ఆగస్టు మూడో వారానికి ఎనిమిది విడతలు అయ్యాయి. గొట్టాలు కాకి రెక్క రంగుకి వచ్చాయి. వెలుతురులో వంచితే లోపల్నించి నీలం లేస్తుంది. కుడిది అద్దం. ఎడమదాని మీద ఆ ఏడు గుంటలు ముందుకన్నా ఎక్కువ కనిపించాయి. రంగు దేన్నీ దాచదు. నేను నిర్ణయం తీసుకున్నాను. ఎడమ గొట్టాన్ని మళ్ళీ మొదటికి గీకుతాను. గుంటలు పోయేదాకా అరగదీస్తాను. గొట్టం పల్చబడితే పల్చబడుతుంది. పెమ్మయ్య చేసింది ఒక్కటి కూడా దాని మీద మిగలకూడదు.

ఆకురాయి చేతిలోకి తీసుకున్న రోజునే ఎడమ బిళ్ళ మర కదిలింది. పొద్దున చుక్క నూనె వేసి దెబ్బ కొడితే, రెండు నెలల తర్వాత, పావు చుట్టు తిరిగింది.

బిళ్ళ ఊడదీశాను. లోపలంతా గడ్డకట్టిన కొవ్వు, నల్లగా, కాచంపుళి పులుపు వాసనతో. అది నేను ఎదురుచూసిందే. ఎదురుచూడనిది ఇంకొకటి ఉంది. బిళ్ళకీ చెక్కకీ మధ్య సందులో వాన చెమ్మ దూరకుండా గుడ్డ పేలిక కూరి ఉంది. పొడుగ్గా చించి, పురి పెట్టి, కొవ్వులో ముంచి, సందు చుట్టూ శ్రద్ధగా కూరారు. గుండుసూదితో కుక్కితే తప్ప అలా పట్టదు.

ఒక కొస పట్టుకుని లాగాను. జిడ్డు తుడిచాను. ఎర్ర గళ్ళ గుడ్డ. అంచు చిరిగితే ఆకుపచ్చ దారంతో కుట్టి ఉంది. ఎర్ర గుడ్డకి ఆకుపచ్చ దారమేమిటని ఒకప్పుడు నేనే అడిగాను. ఇంట్లో ఉన్న దారం అదే, మీరు నా తలగుడ్డ చూస్తారా ఎప్పుడైనా అంది బోజమ్మ.

మాచయ్య వచ్చాడు. ఈ రోజు కాఫీ లేదని చెప్పాను. వెళ్ళిపోయాడు.

*

పెద్దింటి కింది మడిలో ఆఖరి నాట్లు పడుతున్నాయి. నేను వాగులో నడుం లోతు నీళ్ళలో దిగి అవతలికి పోయాను. గట్టు మీద నన్ను చూసి కూలీలు పాట ఆపేశారు. తమ్ముడి భార్య చోందమ్మ మడిలోంచి లేచి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ గట్టు దగ్గరికొచ్చింది. పెమ్మయ్య ఎక్కడని అడిగాను. పట్నం పోయాడంది.

జేబులోంచి పేలిక తీసి చూపించాను. చోందమ్మ దాన్ని చూసి, మడి వైపు చూసి, గట్టు మీద కూర్చుంది.

ఆమె చెప్పింది ఇదీ. కిందటేడు మే నెలలో పెమ్మయ్య కంటి ఆపరేషనుకి మైసూరు పోయాడు. చోందమ్మ వెంట పోయింది. ఆ పది రోజులూ అమ్మని చూసుకోవడానికి బోజమ్మ వచ్చిపోయేది. వానలు ముంచుకొస్తున్నాయి, తుపాకీ నూనె డబ్బా ఖాళీ. బోజమ్మ వాళ్ళ నాన్న కొవ్వే రాసేవాడట. జాడీలో ఉన్నది తీసి రాసింది. ఉప్పుదని ఆలోచించలేదు. పెమ్మయ్య తిరిగొచ్చాక తానే చెప్పింది, తుపాకీకి వానకోటు తొడిగానని. మా ఆయనకి చెప్పకండి, పదిహేడేళ్ళ సర్వీసు పాఠమంతా మళ్ళీ నాకు చెబుతాడు అని నవ్విందట.

"మరి వాడెందుకు నేనే రాశానన్నాడు?"

చోందమ్మ కాలికి అంటిన బురద గట్టు మీద రాసుకుంది.

"ఆ రోజు రోకలితో కొట్టి తెరిచినప్పుడే కొవ్వు చూశారు బావగారూ. నాకు చెప్పారు, నోరెత్తావా చంపుతానన్నారు. అన్న నా మీద కోపంతో బతకగలడు, వదిన మీద కోపంతో బతకలేడు అన్నారు."

కూలీలు మళ్ళీ పాట మొదలుపెట్టారు. వాన మొదలైంది. నేను వచ్చినట్టు చోందమ్మ ఎవరికీ చెప్పక్కర్లేదన్నాను. సరే అంది. అమ్మకి కూడా తెలుసా అని అడగబోయి అడగలేదు.

తిరిగొచ్చి ఆ గుడ్డని సబ్బుతో ఉతికి ఆరేశాను. వానలో మూడు రోజులకి ఆరింది. ఎక్కడ పెట్టానో రాయను.

ఆకురాయి సంచిలో వేసేశాను. ఎడమ గొట్టానికి నూనె పట్టించి ఏడు గుంటలతోనే ఉంచాను. మిరియమంత గుంట వల్ల గొట్టం పగలదు, అరగదీస్తే పగులుతుంది. ఇది నాకు మొదటినుంచీ తెలుసు.

స్ప్రింగు తోమి, కొత్త నూనె వేసి, బిళ్ళ బిగించాను. సుత్తి వెనక్కి లాగి వదిలితే టక్కుమంది. మర్నాడు రెండు పోకమొద్దులు కొట్టించి వాగు మీద పరిచాను. మాచయ్య ఒక కొస పట్టుకున్నాడు. ఏమీ అడగలేదు. అతను ఏమీ అడగని రోజు ఆ ఏడాదికి అదొక్కటే.

*

కైల్‌పొళ్దు పొద్దున తుపాకీ భుజాన వేసుకుని మొద్దుల మీదుగా నడిచిపోయాను. పెద్దింటి అరుగు మీద గోనెమూటలు వరసగా ఉన్నాయి. తాళ్ళు బిగించి ఉన్నాయి. పెమ్మయ్య వాటి పక్కనే నిలబడి ఉన్నాడు. వాడి జుట్టు నెరిసింది. ఎప్పుడు నెరిసిందో నేను చూడలేదు.

నడిసావడిలో దీపం వెలుగుతోంది. కత్తులు తోమి పెట్టారు. తుపాకీని వాటి నడుమ పెట్టాను. దేచమ్మ అగ్నిశిఖ పువ్వు ఒకటి గొట్టం కొసన గుచ్చింది. అమ్మ కుర్చీలోంచి వంగి, గొట్టం మీద వేలితో పొడుగునా రాసింది. ఎడమ వైపు గుంటల దగ్గర వేలు ఆగింది. నా వైపు చూసింది.

"ఇవి ఉంచావేం?"

"ఉండాల్సినవి ఉంచాను."

అక్షింతలు వేశాం, గంధం పెట్టాం. పెమ్మయ్య గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, బయటికి పోవడానికి వీలుగా. నేను తుపాకీ రెండు చేతులతో ఎత్తి, "ఇలా రా" అన్నాను.

వచ్చాడు. ఇచ్చాను. మా తాత ఇచ్చేటప్పుడు ఏవో పెద్దమాటలు చెప్పేవాడు, శత్రువుని వదలకు, స్నేహితుణ్ణి విడవకు అని. నాకు ఆ మాటలు గుర్తు లేవని కాదు. "మొదటి దెబ్బ చేత్తో కాల్చకు. తాడు కట్టు" అన్నాను.

"నువ్వు బాగుచేసింది. చేత్తోనే కాలుస్తా."

"నేను బాగుచేసింది కాబట్టే చెబుతున్నా. తాడు."

ఆ ఒక్కరోజు కొడగు అంతటా ప్రతి ఇంట్లో తుపాకులు పేలుతూనే ఉంటాయి. ఎన్ని పేలినా ఎవరూ పుట్టినట్టు కాదు, ఎవరూ పోయినట్టు కాదు. పెరట్లో పాత జీపు టైరుకి తుపాకీని కట్టి, మేము పనసచెట్టు వెనక నిలబడ్డాం. మాచయ్య ఇంకో చెట్టు వెనక, దానికన్నా లావుది చూసుకుని నిలబడ్డాడు. పెమ్మయ్య తాడు లాగాడు. కుడిది పేలింది. తాడు మార్చి కట్టి లాగాడు.

ఎడమది పేలింది.

కొండకి తగిలి తిరిగొచ్చిన చప్పుడు కూడా అయ్యాక పెమ్మయ్య పోయి తుపాకీ విప్పాడు. గొట్టాల్ని వేలితో తడిమాడు. మీట నొక్కాడు. రోకలి అక్కర్లేకుండా తలుపులా తెరుచుకుంది. తెరిచాడు, మూశాడు, తెరిచాడు. నా వైపు తిరగలేదు. వీపు కదులుతోంది. నేను మాచయ్యతో వాన గురించి మాట్లాడాను.

తర్వాత కొబ్బరికాయని చెట్టుకొసన కట్టి గురిచూసే పోటీ జరిగింది. పెమ్మయ్య చేత్తోనే కాల్చాడు. తగల్లేదు. ఆపరేషను చేసిన కన్ను మూసి, చెయ్యని కంటితో చూశాడని అమ్మ తేల్చింది.

భోజనాలకి పంది కూర, బియ్యపు రవ్వ ఉండల కడంబుట్టు. పెమ్మయ్య నా పక్కన కూర్చున్నాడు. ఏడాది తర్వాత ఒక బంతిలో కూర్చున్నాం. రెండు ముద్దలు తిన్నాక, ఆకు వైపే చూస్తూ అడిగాడు.

"ఎడమ బిళ్ళ ఊడదీశావా అన్నా?"

"ఊడదీశాను."

"లోపల ఏముంది?"

వడ్డిస్తున్న చోందమ్మ గరిటె గిన్నెలోనే ఆగింది.

"తుప్పు" అన్నాను.

"తుప్పేనా?"

"తుప్పు. నువ్వు రాసిన కొవ్వు. చల్లారిపోతోంది, తిను."

వాడు తినడం మొదలుపెట్టాడు. చోందమ్మ నాకు అడగకుండానే ఇంకో గరిటె వేసింది. పళ్ళు లేని అమ్మ ఎముక ముక్క కావాలని గొడవ చేసింది.

మర్నాడు లారీ వచ్చింది. అందులో మాచయ్య కాఫీ బస్తాలు ఎక్కించి పంపారు. అరుగు మీది గోనెలు విప్పి, పాత్రలు మళ్ళీ వంటింట్లో సర్దడానికి చోందమ్మకి నాలుగు రోజులు పట్టింది. నలుగురికి సరిపడా అన్నం అక్కడే వండుతున్నారు. రాత్రికి నా ఇంటికొచ్చి పడుకుంటాను.

రేపు ఆ తుపాకీ ఎవరి చేతికి పోతుందో తెలియదు. నా లెక్కలో దేచమ్మ కూతురికే. గుంటలు చూసి ఎవరూ ఆకురాయి పట్టకూడదని ఇదంతా ఒక్కసారి కాగితం మీద పెట్టాను. నోటితో చెప్పను. ఎవరైనా అడిగితే, నా భార్య చనిపోయిన రోజున ఎడమ గొట్టం పేలకపోవడానికి నా తమ్ముడే కారణమంటాను. వాణ్ణి అడిగినా అదే అంటాడు. అంతకు మించి ఈ సంగతి నా దగ్గర ఎవరూ ఎత్తొద్దు. నేనూ ఇక ఎత్తను.